రెండు పిలుపుల ఫైలు

నా చేతి పనితనం వల్ల ఒక ముసలామె నాలుగు దినాలు అన్నం ముట్టలేదు. నేను వంటవాణ్ణి కాదు, డాక్టర్ను అంతకన్నా కాదు. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో రికార్డింగు దుకాణం నడిపినవాణ్ణి. చప్పుడు ఎక్కించడం, చప్పుడు తీసెయ్యడం, ముప్పై ఏండ్లు నేను చేసింది ఇదే. ఈ పనిలో కూడా మనిషి ప్రాణం మీదికి తేవచ్చని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాణ్ణి కాదనుకోండి.

చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు వెతుక్కోవద్దు. ఏడో తరగతిలో మా సారు విసిగిపోయి, రేపటి నుంచి బడికి రాకురా అన్నారు. నేను జన్మలో తు.చ. తప్పకుండా పాటించిన పంతులు మాట అదొక్కటే. ఆ తర్వాత మైకుసెట్టు మోశాను, పెళ్లి బ్యాండ్లు రికార్డు చేశాను, భజనలు క్యాసెట్లకెక్కించాను, ఎలక్షన్లు వస్తే ఒకే గొంతుతో మూడు పార్టీలకు ప్రచారం చేశాను. ముగ్గురూ నన్ను తమవాడే అనుకున్నారు.

ఇప్పుడు మీరు ఫోనులో వేలితో గీసి పాటను ముక్కలు చేస్తారు. మా కాలంలో టేపును బ్లేడుతో కోసి, గమ్ముపట్టీతో అతికించేవాళ్లం. కోసిన ముక్కను నేను ఏనాడూ పారెయ్యలేదు. ఎందుకంటే కొత్తలో ఒకాయన తన తండ్రి భజన క్యాసెట్ తెచ్చి, మధ్యలో దగ్గు వస్తోంది తీసెయ్యమన్నాడు. తీసేశాను. పాట పాలలా వచ్చింది. ఏడాదికి అతనే మళ్లీ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తండ్రి పోయాడట. పాట వద్దు, ఆ దగ్గు ఉందా అని అడిగాడు. లేదు. ఆ రోజు నుంచి కోసిన ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేవాణ్ణి. కంప్యూటర్ వచ్చాక డబ్బా పోయి ఒక్కో గిరాకీకి ఒక్కో పొడుగు ఫైలు వచ్చింది. తీసేసిన ప్రతి ముక్కనూ దాని తోకకు అతికించేవాణ్ణి. అన్నిటికీ ‘చెత్త’ అనే పేరు పెట్టాను.

తెలంగాణ వచ్చిన మొదటి ఏండ్లలో ఒక మేడం నా దుకాణానికి వచ్చారు. నలభై దాటి ఉంటాయి. భుజానికి గుడ్డ సంచి, చేతిలో గొడుగు. పట్నంలో పెద్ద చదువులు చెప్పే కొలువు. మాట మన మాటే, కాకపోతే ఊడ్చి కల్లాపి చల్లినట్టుండేది. తాతల తాతల కాలంలో ఈ గుట్టల పక్క ఊళ్లలో గత్తర వచ్చింది కదా, వాంతులూ విరేచనాలతో పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి లేకుండా పోయేవాడు కదా, ఆ సంగతి పట్టుకుని తిరుగుతున్నారు. అవ్వలతో, తాతలతో మాట్లాడి చిన్న రికార్డరులో ఎక్కించుకుని శనివారం శనివారం నా దగ్గరికి తెచ్చేవారు. నా పని వాటిని కంప్యూటరులోకి దింపి, మేకల అరుపులూ ఫ్యానుల రొదా తగ్గించి ఇవ్వడం. పట్నంలో ఎవరో విని టైపు చేసేవాళ్లు, ఈ గోలలో మాట తెలుస్తలేదని మొత్తుకుంటున్నారట.

మొదటి రోజే ఆమెను ఆటపట్టించాను. పోయినవాళ్లు పోయారు, ఎంతమంది పోయారో లెక్క సర్కారు కాగితాల్లో ఉందని మీరే అంటున్నారు, ఇంకేం కావాలి మీకు అన్నాను.

“ఎంతమంది పోయిండ్రో రాసిండ్రన్నా. మిగిలినోళ్లు ఇంట్ల కూసోని ఏమనుకున్నరో ఎవ్వరు రాయలే. నాకు గది గావాలె” అన్నారు మేడం.

మనసులో అనుకున్నది ఎక్కడ దొరుకుతుందని అడిగితే సంచిలోంచి ఒక జిరాక్సు తీశారు. పాత అధికారి ఎవరో పైవాళ్లకు పంపిన కాగితం. మందు తీసుకుని డాక్టరును ఊళ్లోకి పంపితే, ఇంటింటి ముందు నిలబడి పిలిచినా ఒక్కరూ పలకలేదనీ, ఈ జనం మూర్ఖులనీ అందులో ఉందట. ఆ అధికారి తన మీదికి తప్పు రాకుండా రాసుకున్నాడు, కానీ తెలియకుండా ఒక నిజం జారవిడిచాడు అన్నారామె. లోపల మనుషులు ఉన్నారు, పలకలేదు. ఎందుకు? మనిషి చెప్పాలనుకుని చెప్పే సాక్ష్యం ఒకటి, తనకు తెలియకుండా ఇచ్చే సాక్ష్యం ఇంకొకటి, రెండోదే నాకు ఎక్కువ పనికొస్తుంది అన్నారు.

సూది పొడుస్తాడని భయపడి పలికి ఉండరు అన్నాను. నవ్వుతారనుకుంటే, ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నారు. అప్పుడే నాకు కొంచెం ఎట్లనో అనిపించింది. నా జోకును రాసుకున్న మొదటి మనిషి ఆమె.

నా తప్పు ఇక్కడ మొదలైంది. మేడం ఇంటి ముందుకు చేరకముందే మిషన్ ఆన్ చేసే మనిషి. చెప్పుల చప్పుడు, కోడి, కుక్క, గుమ్మం ముందు పిలుపు, అంతా ఎక్కేది. ఆమె అడిగింది మేకలూ ఫ్యానులూ తగ్గించమని మాత్రమే. కానీ నేను పెళ్లి క్యాసెట్ల మనిషిని. మొదట్లో ఊరికే ఎదురుచూసే భాగం ఉంచితే నాకు పరువు తక్కువ. అందుకని చెప్పుల చప్పుడు తీశాను, జవాబు లేని పిలుపులు తీశాను, మాటల మధ్య ఖాళీలు తీశాను. ఒక పిలుపు, వెంటనే అవ్వ ‘ఆఁ’ అనడం, అక్కడి నుంచి గడగడా ముచ్చట. చక్కగా వచ్చేది. తర్వాత రికార్డరును తుడిచి, వచ్చే వారానికి ఖాళీ చేసి ఇచ్చేవాణ్ణి. అసలు రికార్డింగు నా కంప్యూటరులో ఉందని ఆమె ధీమా. అది ముక్కలై, కొంత ‘చెత్త’లోకి పోయిందని ఆమెకు తెలియదు, చెప్పాలని నాకు తోచలేదు.

నెలలు గడిచాయి. మేడం మొహం వాడిపోతూ వచ్చింది. ఎవరిని అడిగినా గత్తర గురించి, మాకేం తెలుసు బిడ్డా, మా పెద్దలకు తెలుసు, వాళ్లు పోయిండ్రు అంటున్నారట. ఈ పక్క ఊళ్లలో ఆ భయం జాడ కూడా మిగల్లేదని అధ్యాయం రాసేశారు. పుస్తకం అచ్చుకు ఇవ్వడానికి ఇంకో పది రోజులుంది.

ఇక మొదట్లో చెప్పిన ముసలామె, మా అవ్వ సంగతి. నా దుకాణం మెట్ల పక్కన సీతాఫలాల గంప పెట్టుకునేది. ఊరు ఇక్కడికి దగ్గరే, గుట్ట కింద. నేను రోజూ ఆమె పండ్లకు వంక పెట్టేవాణ్ణి, నీ పండులో గుజ్జు కన్నా గింజలెక్కువ అని. ఆమె ఊరుకునే రకం కాదు. నీ మాటల్లో గింజలు కూడ లేవుర అనేది. మేడం ఆమెతోనూ ఒకసారి ఇంటికి పోయి మాట్లాడారు. అప్పటినుంచి అవ్వకు మేడం అంటే ప్రాణం. శనివారం వస్తే గంపలో మంచి పండు ఒకటి గోనె కింద దాచిపెట్టేది.

ఆ రోజు అంగడి, వారం సంత. పట్టపగలు పన్నెండు. మన్నెగూడ దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్ల ప్రచారం ఒకటి రికార్డు చేసి పెట్టాను. ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టి, వాటికి నా కంప్యూటరు నుంచి తీగ లాగి, లోపల ఫైలు నొక్కి, గొట్టం సరిచెయ్యడానికి బయటికొచ్చాను. ప్లాట్ల ఫైలు నొక్కాననుకున్నాను. దాని కింద ఉన్న మేడం ‘చెత్త’ నొక్కాను.

“అవ్వా.”

గొట్టంలోంచి మేడం గొంతు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఏమీ లేదు, ఎక్కడో ఒక కోడి. పది సెకన్లు పోయాక మళ్లీ, “అవ్వా.”

మెట్ల పక్క నుంచి అవ్వ, “ఆఁ, వస్తున్న బిడ్డా” అని గోనె పైకెత్తుతూ సగం లేచింది.

ఎవరూ లేరు. గొట్టంలోంచి ఇంకో రకంగా, ఇంకో గుమ్మం ముందు పిలుపు మొదలైంది. అవ్వా. ఖాళీ. అవ్వా. ఖాళీ. మళ్లీ ఇంకొకటి, సాయిబుల ఇంట్లో ముసలామెను. నానీ. ఖాళీ. నానీ.

నేను అంగడి చూస్తూ పెరిగినవాణ్ణి. జేబుకోతలు చూశాను, తన్నులాటలు చూశాను. ఆ నిమిషం లాంటిది చూడలేదు. ఉల్లిగడ్డలు తూచే ఆమె చెయ్యి గాలిలో ఆగింది. చాయ్ హోటలాయన మంట తగ్గించాడు. గొడుగులు బాగుచేసే సాయిబు తాత ఊచ కింద పెట్టాడు. బేరం కోసం కొట్లాడుకుంటున్న ఇద్దరు ముసలివాళ్లు నోరు మూశారు. ఒక్కరు కూడా గొట్టం వైపు చూడలేదు. ఎవరి కాళ్ల వైపు వాళ్లు చూసుకుంటున్నారు. కుర్రవాళ్లు మాత్రం మామూలుగానే తిరుగుతున్నారు, పెద్దవాళ్లకేమైందో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు. ఎందుకు ఆగారని తర్వాత చాయ్ హోటలాయనను అడిగితే, ఆగిన్నా? యాది లేదు అన్నాడు.

పరుగెత్తి బందు చేసి వచ్చాను. అవ్వ అట్లనే సగం లేచి ఉంది. మొహం గోడకు సున్నం వేసినట్టయింది.

“మూడోది యాడ?” అని అడిగింది.

ఏం అడుగుతోందో నాకు తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాలని ఏడో తరగతి తర్వాత చెప్పేవాళ్లేమో.

“మూడోది సాయంత్రం బస్సుకొస్తదవ్వా” అన్నాను.

నా మాటకు అంగడిలో ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వేవారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అవ్వ గంప మీద గోనె కప్పి, గంపను అక్కడే వదిలేసి, వట్టి చేతులతో ఇంటికి పోయింది. మరునాడు రాలేదు. పండ్లు గోనె కింద పగిలి కందిరీగలు మూగాయి. ఆ గంపను తీయడానికి సందులో ఎవరూ ముందుకు రాలేదు, నేను కూడా.

మూడో రోజు పొద్దున అవ్వ కోడలు వచ్చింది. ఆదిభట్లలో కంపెనీ క్యాంటీన్లో పని, మెడలో కార్డు అట్లనే ఉంది. కంపెనీ బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. చెప్పడానికి సిగ్గుపడింది. అత్త పడుకున్న చోటు నుంచి లేవడం లేదు, నీళ్లు తప్ప ఏమీ తాగడం లేదు. దవాఖానకు తీసుకుపోతే బీపీ బాగుంది, షుగర్ బాగుంది, గ్లూకోజు ఎక్కించి పంపారు.

“రెండో పిలుపుకే పలికిన, ఇంక నాకు బువ్వెందుకు అంటున్నదన్నా” అంది.

అప్పుడు చెప్పింది. గత్తర, మనిషి గొంతుతోనే వస్తుందట. గుమ్మం ముందు నిలబడి తెలిసినవాళ్లలాగానే పిలుస్తుందట. కానీ దానికి రెండుసార్లే పిలవడం తెలుసట. పలికితే తీసుకుపోతుంది. మూడోసారి పిలిస్తే అది మనిషే, అప్పుడు పలకాలి. అవ్వకు వాళ్ల అవ్వ నేర్పింది. మైకులోంచి వచ్చింది మేడం గొంతే, మిషన్ కదా అని కోడలు నచ్చజెప్పిందట.

“మిషన్ల నుంచి పిలవొద్దని గత్తరకు ఎవరన్న చెప్పిండ్రా అన్నది. నేనేం జెప్పాలన్నా?”

నాకు జోకు తట్టలేదు. ఒకటే అడిగాను. మేడం అంతసేపు గత్తర గురించి అడిగితే మీ అత్త ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?

“నేను గూడ గదే అడిగిన. ఆ మేడం గత్తర ముచ్చట అడిగింది, గిది గత్తర ముచ్చట కాదు, తలుపు ముచ్చట అన్నది.”

ఆమె పోయాక షట్టరు సగం దింపి ‘చెత్త’ మొదటి నుంచి పెట్టుకున్నాను. నేను నా చేతులతో కోసిన ముక్కలు. రెండు పిలుపులు, ఖాళీ. రెండు పిలుపులు, ఖాళీ. ఒక్కదాంట్లో కూడా మూడోది లేదు. తర్వాత శుభ్రం చేసిన ఫైళ్లు తెరిచాను. ప్రతిదీ ఒక పిలుపుతో మొదలవుతోంది, వెంటనే జవాబు. అదే మూడోది. నలభై ఇళ్లు. హిందువుల ఇళ్లు, తురకల ఇళ్లు, చర్చికి పోయేవాళ్ల ఇళ్లు. పిలిచే మాట మారింది, అవ్వా, తాతా, నానీ. పలకడం మాత్రం అందరూ మూడోదానికే. వాళ్లలో చాలామందికి ఎందుకో కూడా తెలియదు. బయట ఎండ కాస్తోంది, బస్సులు అరుస్తున్నాయి, నేను లేచి షట్టరు పూర్తిగా దింపాను.

మేడానికి ఫోను చేసి అంతా చెప్పాను. తీసేసింది, తుడిచేసింది, గొట్టాలు, అవ్వ, బస్సు జోకు కూడా. చెప్పకుండా ఆ ఫైలు తుడిచేస్తే నాతోనే పోయేది, ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను.  

మరునాడు పొద్దున్నే మేడం వచ్చారు. ఫైలు వింటూ కళ్లు మూసుకున్నారు. ముసలోళ్లు కదా, చెవుడనుకున్న అన్నారు ఒకసారి తనలో తాను. తర్వాత సంచిలోంచి పాత జిరాక్సు తీసి నా ముందు పెట్టారు. ఇంటింటి ముందు డాక్టరు పిలిచినా ఎవరూ పలకలేదన్న కాగితం. ఆ డాక్టరు మర్యాద తెలిసిన మనిషై ఉంటాడు. రెండుసార్లు పిలిచి, లేరనుకుని, మందు పట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు.

మేడం అప్పుడు నా వైపు చూశారు. “ఇన్ని నెలలు నాకు పొల్లు ఇచ్చి, గింజలు పారబోసినవ్ కదన్నా.”

తిట్టినా బాగుండేది. వారం తిరగకుండానే అచ్చుకు పోయే పుస్తకం తప్పని తేలింది, సరిచెయ్యాలంటే ఏ ముక్క ఏ ఊరిదో రాసి లేదు. ఆ సంగతి ఎత్తబోయాను. అవ్వ బువ్వ తిన్నదాకా పుస్తకం మాట ఎత్తకు అన్నారు. నేను రెండు ఉపాయాలు చెప్పాను, మంత్రం వేసేవాణ్ణి పిలుద్దామని ఒకటి, పెద్ద దవాఖానకు తీసుకుపోదామని ఒకటి. రెండూ వినలేదు.

“నేను నమ్ముతున్ననా లేదా అన్నది కాదిప్పుడు. రెండుసార్లు పిలిచింది నేను. మూడోది గూడ నేనే పిలవాలె” అన్నారు. ఇంకా, ఇందులో నేనే చెయ్యి పెట్టిన అని రాసుకోవాలె, అది దాస్తే నేనూ నీలెక్క కోసినదాన్నే అయిత అన్నారు. ఆటో ఎక్కేముందు నాకు ఒక్కటే చెప్పారు, అక్కడ నోరు తెరవొద్దని.

పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. వాకిట్లో కోళ్లు మేస్తున్నాయి. తలుపు ఓరగా వేసి ఉంది. కోడలు ఆ రోజు పనికి పోలేదు, జావ గిన్నె పట్టుకుని గోడ పక్కన నిలబడింది. మేడం తాను మొదటిసారి నిలబడిన చోటే నిలబడ్డారు. చెప్పులు కూడా ఆనాటి లాగానే ఒక పక్కకు విడిచారు.

“అవ్వా.”

ఒక్కసారే. తర్వాత ఏమీ లేదు.

ఖాళీలు కొయ్యడం నా వృత్తి. ఆ ఖాళీలో నిలబడ్డాక తెలిసింది, అది ఎంత పొడుగుంటుందో. కోడలి చేతిలో గిన్నె అంచు గాజులకు తగిలి చిన్నగా మోగుతోంది. నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నాలుగు దినాలు గడిచిపోయాయి కదా, లోపలున్న ఆమెకు ఇది మూడో పిలుపా, లేక కొత్తగా మొదటిదా? మేడానికీ అదే తట్టినట్టుంది. నోరు తెరిచి మూశారు. ఇంకోసారి పిలిస్తే అది రెండోది అవుతుంది. పిలవకపోతే ఈ ఒక్కటి ఏమిటో తెలియదు. పిలవలేరు, పోలేరు. నూరేండ్ల కింద ఆ గుమ్మాల లోపల కూర్చున్నవాళ్లు ఎట్లా ఉన్నారో, ఆ వాకిట్లో మేము ముగ్గురం అట్లా అయ్యాం. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వద్దనుకున్నాం.

లోపల మంచం కిర్రుమంది.

“ఆఁ. వస్తున్న” అంది అవ్వ గొంతు, ఎండిన ఆకులాగా. “మూడోదానికి ఇన్ని దినాలా బిడ్డా. బస్సు దొరకలేదా?”

కోడలు గోడకు ఆనుకుని అట్లనే కింద కూర్చుండిపోయింది. జావ సగం ఒలికింది, మిగతా సగం అవ్వ తాగింది. తలుపు పట్టుకుని బయటికొచ్చి, మేడం చెయ్యి పట్టుకుని, మొహమంతా తడిమి చూసింది. తర్వాత నన్ను చూసింది.

“వీడెందుకొచ్చిండు? వీన్ని ఎవలు పిలిచిండ్రు?”

నోరు తెరవొద్దన్నారు కాబట్టి తెరవలేదు. నా జీవితంలో అది రెండోసారి, చెప్పినమాట వినడం.

తర్వాత మూడు దినాలు మేడం, నేను ఆ ఫైలు ముందేసుకుని కూర్చున్నాం. ఏ ముక్క ఏ ఊరిదో వెనక చప్పుళ్లను బట్టి పట్టాం. ఇక్కడ నా ఏడో తరగతి పనికొచ్చింది, అంటే తక్కిన కాలమంతా నేను చెవులతో చదువుకున్నది. ఈ పిండిగిర్ని బెల్టు తెగి కొట్టుకుంటోంది, ఇది ఫలానా ఊరు. ఈ చేతిపంపు మూడో కొట్టుకు మూలుగుతుంది, అది ఫలానా వాడ. ఇక్కడ కంపెనీ బస్సు వెనక్కి తీసుకుంటోంది, అంటే ఆదిభట్ల దారి. మేడం రాసుకుంటూనే ఉన్నారు. అవ్వ మెట్ల పక్కన కొత్త గంప పెట్టుకుని, మధ్యమధ్య లోపలికి తొంగిచూసి, మా ఊరు వచ్చిందా అని అడిగేది.

అన్నీ దొరికాయి. చివరిది తప్ప.

చివరి ముక్కలో కోడి లేదు, పంపు లేదు. ఒక టేబుల్ ఫ్యాను మాత్రం టిక్కు టిక్కుమంటోంది. పిలుపు కూడా వేరు. “అన్నా.” ఖాళీ. “అన్నా.” తర్వాత మిషన్ ఆగిపోయిన చప్పుడు.

మేడం ఆలోచిస్తున్నారు. నాకు ఆలోచించే పని లేదు. ఆ ఫ్యాను మా పక్కనే బల్ల మీద టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉంది. ఆ ఊరు నా దుకాణమే.

ఎప్పుడు పిలిచారు నన్ను అని అడిగాను. మేడం ఇంకోసారి విన్నారు. గొంతయితే నాదే లెక్కున్నదన్నా అన్నారు. కానీ నేను మిషన్ ఎప్పుడు గాని ఆ అవ్వల వాకిట్లనే బంద్ చేసి సంచిల వేస్తనన్నా, నీ దుకాణంల ఎన్నడు ఆన్ చెయ్యలే అన్నారు. సంచిలో దానంతటది నొక్కుకుని ఉంటుంది అన్నాను. అవ్, అట్లనే అయి ఉంటది అన్నారామె. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. శుభ్రం చేసిన ఫైళ్లన్నీ వెతికాను. దాని మూడో పిలుపు ఎక్కడా లేదు. నేను పలికిన జవాబు కూడా లేదు. నా దుకాణంలో, నా ముందే ఎవరో రెండుసార్లు పిలిస్తే, అంతా కొట్టిపారేసే నేను పలకకుండా ఎందుకు కూర్చున్నానో నాకు యాదికి రాలేదు. చాయ్ హోటలాయన లెక్క నేనూ.

అధ్యాయం మార్చి రాశారు మేడం. తాను పిలవడం, అవ్వ పలకడం, ఒక రికార్డింగు పనివాడి తప్పు, అంతా ఉందట. పేర్లు లేవు. ఆ పనివాడు కూడా సాక్షే అని ఒక వాక్యం ఉందని ఫోనులో చెప్పారు. ఏడో తరగతితో పుస్తకంలోకి ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

చివరి రోజు ఆమెను బస్సు ఎక్కించడానికి పోయాను. ఒక్క మాట అడగాలని బస్టాండు దాకా నమిలాను. అవ్వ కాబట్టి అడగగలిగింది, మూడోది యాడ అని. నేను జోకుల మనిషిని, నాకు నోరు రాలేదు. సీటు చూసుకోండి మేడం, కిటికీ పక్కన ఎండ కొడుతుంది అన్నాను. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపారు, పిలవలేదు.

దుకాణం మూసి చాలా ఏండ్లయింది. అవ్వ ఆ తర్వాత కూడా కొన్ని సీతాఫలాల కాలాలు చూసి, నిద్రలో పోయింది. ఇంటికి వస్తువులు తెచ్చే కుర్రవాళ్లు నా మీద గుర్రుగా ఉంటారు. గేటు దగ్గర రెండుసార్లు పిలిచి, ఎవరూ లేరని రాసుకుని పోతారు. మా ఇంటావిడ నన్ను తిడుతుంది, చెవిలో సీసం పోసుకున్నవా అని. చెవులు బాగానే ఉన్నాయి. మీరు ఎవరి గేటు ముందైనా నిలబడితే జర ఇంకొక్కసారి పిలవండి, పోయేదేముంది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. గేటు దగ్గర ఎవరో “అన్నా” అన్నారు. కాసేపాగి మళ్లీ “అన్నా” అన్నారు. చేతిలో చాయ్ గ్లాసు పట్టుకుని అట్లనే కూర్చున్నాను. చాయ్ చల్లారింది. పార్సిల్ తెచ్చినవాడే అయి ఉంటాడు.

మేం ఏమీ తెప్పించుకోలేదు.